నల్లపిడి కత్తి

మా ఉద్దానంలో పెళ్ళికొడుకు చేతిలో కత్తి లేకుండా పీటల మీద కూర్చోడు. దిష్టి తగలకుండా కత్తి మొనకు నిమ్మకాయ గుచ్చి చేతికిస్తారు. పెళ్ళి కత్తి ప్రతి ఇంట్లోనూ ఉండదు. ఊరికి రెండో మూడో ఉంటాయి. కావలసినవాళ్ళు వెళ్ళి అడిగి తెచ్చుకుంటారు, పెళ్ళయ్యాక పసుపు రాసి తాంబూలంతో తిరిగి అప్పగిస్తారు. ఎంతటివాడైనా వచ్చి ఆ గుమ్మం ముందు నిలబడి అడగాల్సిందే కాబట్టి, కత్తి ఉన్న ఇంటికి ఊళ్ళో ఒక మర్యాద ఉంటుంది. మా ఇంట్లోనూ ఒక కత్తి ఉండేది. దాన్ని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

అది మా నాయనమ్మది. ఒక్కతే కూతురు కాబట్టి పుట్టింటి ఆస్తి మొత్తం ఆమెకే వచ్చింది. మొత్తం అంటే ఒక ఇత్తడి బిందె, ఈ కత్తి. మూరెడు కన్నా తక్కువ పొడవు. అంచు ఒకవైపే, వీపు కొంచెం వంపు తిరిగి ఉంటుంది. పిడికీ అలుగుకూ మధ్య అడ్డుపట్టీ ఉండదు. పిడి గుండ్రంగా, లావుగా, బొగ్గులా నల్లగా ఉంటుంది, దాని మీద ఏవో బుడిపెలు. చెక్క ఒరకు అక్కడక్కడ ఇత్తడి పట్టీలు. చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో నేను చూసిన కత్తి ఒక్కటి కూడా అలా ఉండేది కాదు.

నాయనమ్మ చెప్పే కథ ఇది. వాళ్ళ నాన్న బారువ రేవులో ఓడెక్కి రంగం వెళ్ళాడు. రంగూన్‌ని మావైపు పెద్దవాళ్ళు రంగం అనే అంటారు. అక్కడ కలప మిల్లులో దుంగలు మోసి, కొన్నేళ్ళకు తిరిగొస్తూ ఈ కత్తి తెచ్చాడు. వచ్చాక ఈ కత్తి పట్టుకునే దగ్గర్లోని ఒక జమీందారు బంగళాలో ఏళ్ళ తరబడి రాత్రి కాపలా కాశాడు. నాయనమ్మ ఇంకా పాకుతుండగానే జ్వరం వచ్చి పోయాడు. ఫొటో లేదు. ఆయన ముఖం ఎలా ఉండేదో ఆమెకు తెలియదు.

ఊరు చెప్పే కథ వేరు. ఆయన కాపలా ఉన్న రోజుల్లోనే బంగళాలో కొమ్ము పిడి బాకు ఒకటి మాయమైందట. నల్లపిడి కత్తి కాపలావాడి ఇంట్లోనే ఉంటే ఇంక వెతకడమెందుకు? నిప్పు లేందే పొగ వస్తుందా అని ఒకరు. రంగం వెళ్ళినవాళ్ళు గొడుగులు తెచ్చారు, పెట్టెలు తెచ్చారు, కత్తి తెచ్చినవాణ్ణి ఎవరైనా చూశారా అని ఇంకొకరు. ముఖం మీద ఎవరూ ఏమీ అనలేదు. కత్తి అడగడం మానేశారు, అంతే. అనడం కన్నా అదే పెద్ద మాట.

పెద్ద తుపానుకు మా కొబ్బరి తోటలు పడిపోయి, మళ్ళీ మొక్కలు వేసుకుని కాస్త ఊపిరి తీసుకుంటున్న రోజుల్లో మా అన్న పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురి తాత మా నాయనమ్మ పుట్టిన ఊరివాడే. వరసకు తమ్ముడు, ఆమెను అప్పా అని పిలుస్తాడు. మాటలు అయిపోయాయి, భోజనాలకు ఆకులు వేశాం. ఆయన పప్పులో నెయ్యి వేయించుకుంటూ మా నాన్నతో చాలా మామూలుగా అన్నాడు.

"పెల్లికొడుకు కత్తి గురించి మీరేటీ ఇదవ్వకండి అల్లుడా. మేమే తెత్తాం."

మామూలుగా అయితే కత్తి పెళ్ళికొడుకు వాళ్ళే తెచ్చుకోవాలి. అక్కడున్న ప్రతి ఒక్కరికీ అర్థమైంది. మా నాన్న తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. వడ్డిస్తున్న నాయనమ్మ చేతిలోని గరిటె గిన్నెలో పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను వెనకాలే వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పొగకు కాదు.

"ఆ పందిట్లోకి నాను రాను," అంది. "మీరెళ్ళి సేసుకోండి. మా అయ్యని దొంగన్న సోట అచ్చింతలెలా ఎయ్యమంతావు?"

"రానంటే అన్న ఏమైపోతాడు నాయనమ్మా?"

"నాను ఆడి పెల్లి సూడకుండా సచ్చిపోయినా పరవాలేదు. మా అయ్యకి నాను తప్ప ఎవులున్నారే?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అప్పుడు టెక్కలిలో డిగ్రీ అయిపోయి, బి.ఎడ్. సీటు కోసం చూస్తూ ఇంట్లో ఖాళీగా ఉన్నాను. ఖాళీగా ఉన్న మనిషికి కోపం కూడా వస్తే ఇంక ఆపేవాళ్ళుండరు. ఈ కత్తి ఎక్కడ పుట్టిందో తేల్చి ఆ ముసలాయన ముందు పడేస్తానని మా నాన్నతో అన్నాను. "పెళ్ళి ముందర గొడవలొద్దమ్మా" అన్నాడాయన. "నోరా వీపుకు తేకే" అంది మా అమ్మ. ఇద్దరూ వద్దన్నారు కాబట్టి మర్నాడే బయల్దేరాను. ముహూర్తం వైశాఖంలో. నెల కూడా లేదు.

పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, కత్తిని తువాలులో చుట్టి, పైన రెండు కొబ్బరికాయలు పెట్టి, వైరు బుట్టలో వేసుకుని కాశీబుగ్గ వెళ్ళి టెక్కలి బస్సెక్కాను. ఒర పాతది, బయటికి తీస్తే పెచ్చులూడుతుందని ఇంట్లోనే వదిలేశాను. అదే తప్పయింది. బస్సు గుంటలో పడినప్పుడల్లా మొన తువాలు చీల్చుకుని బుట్టలోంచి బయటికి వచ్చేది. పక్కన కూర్చున్న చేపల బుట్ట ఆవిడ చూసి మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది.

"ఏటే గుంటా, ఎవుల్ని పొడిసీడానికి ఎల్తన్నావు?"

"పొడవడానికి కాదు పిన్నీ, పెళ్ళికి."

"మరి మొగుడికి సెప్పినావేటి, పాపం ఆడికి తెలుసా?"

బస్సులో సగం మంది నవ్వారు. నాక్కూడా నవ్వు వచ్చింది. టెక్కలిలో దిగేసరికి నా కోపం పోయి ఒక రకమైన ఆత్రం పట్టుకుంది. ఏదో పెద్ద సంగతి బయటపడబోతోందనిపించింది.

మాకు కాలేజీలో చరిత్ర చెప్పిన మాస్టారు ఇల్లు టెక్కలిలోనే. పాత వస్తువంటే ఆయనకు ప్రాణం. పాత నాణెమో, రాగి రేకో ఎవరైనా తెస్తే పాఠం మధ్యలో ఆపేసేవారు. తువాలు విప్పేసరికి తాగుతున్న కాఫీ పక్కన పెట్టేశారు. భూతద్దం తెచ్చి కిటికీ దగ్గర నిలబడి ఎంతసేపు చూశారో. నేను ఒంటికాలి మీద నిలబడ్డాను.

"అడ్డుపట్టీ లేదు. మనవైపు బాకుల పద్ధతి కాదు ఇది. అలుగు వీపున చూడమ్మా, తుప్పు కింద వెండి గీతలున్నాయి," అన్నారు. తర్వాత పిడి మీద గోటితో గీకి, "కానీ పిడి మాత్రం కొమ్ము. గేదె కొమ్ములా ఉంది. కొమ్ము పని అంటే పర్లాకిమిడి. అక్కడి పనివాళ్ళు చేసినవి ఈ చుట్టుపక్కల జమీందార్లకు కానుకలుగా వెళ్ళేవి. అలుగు ఎక్కడిదైనా, పిడి ఇక్కడ మళ్ళీ వేయించి ఉంటారు. ఇది జమీందారు ఇంటి వస్తువే అయ్యుండాలి" అన్నారు.

ఆయన మెచ్చుకోలుగా చెబుతున్నారు. కొమ్ము పిడి, జమీందారు, మాయమైన బాకు. ఊరు చెప్పిన కథకు నేనే వెళ్ళి రుజువు తెచ్చినట్టయింది. ఈ మాట నాయనమ్మకు ఎలా చెప్పాలి?

"కొమ్మేనని ఖాయమా మాస్టారూ?" అన్నాను. గొంతు పెద్దదైపోయింది. "చూసి చెప్పేస్తే ఎలా?"

వేరే మాస్టారయితే బయటికి నడవమనేవారు. ఈయన నవ్వారు. "నిజమే. చూసి చెప్పకూడదు. ఎర్రగా కాల్చిన సూది ఆనిస్తే తెలిసిపోతుంది. కొమ్మయితే వెంట్రుకలు కాలిన కంపు వస్తుంది."

వంటింట్లో గ్యాసు పొయ్యి మీద సూది కాల్చి తెచ్చారు. పిడి అడుగున, కనపడని చోట ఆనించారు. చుయ్యిమని సన్నటి పొగ లేచింది. ఇద్దరం ముక్కులు దగ్గర పెట్టాం. వెంట్రుకల కంపు లేదు. కళ్ళు మండాయి, గొంతులో గరగరలాడింది. ఈ వాసన నాకు బాగా తెలుసు, చాలా బాగా తెలుసు, కానీ నోటికి రావడం లేదు. మాస్టారు కూడా కనుబొమలు ముడిచి ఆలోచిస్తున్నారు. అప్పుడు పెరట్లో బట్టలు ఆరేస్తున్న వాళ్ళావిడ గొంతు వినిపించింది.

"ఏటండీ, జీడిపిక్కలు ఎవులు కాలుత్తన్నారు?"

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పలాసలో రైలు దిగినవాడికి ముందు తగిలేది ఆ వాసనే. జీడిపిక్కలు కాల్చే బట్టీల పొగ పీల్చి పెరిగిన ముక్కులు మావి. మా ఊళ్ళలో ప్రతి వేసవిలోనూ, వానలు పడకముందే, చెక్కతో చేసిన ప్రతిదానికీ జీడిపిక్కల తొక్క నూనె పూస్తారు, చెద పట్టకుండా. గుమ్మాలకు, మంచం కోళ్ళకు, నాగళ్ళకు, పడవలకు. పూసినకొద్దీ నల్లబడి రాయిలా గట్టిపడుతుంది. అంటే పిడి నల్లది కాదు. ఆ నలుపు మాది.

మాస్టారు చిన్నపిల్లాడిలా గెంతారు. నిజంగానే గెంతారు. "కింద ఏముందో! అమ్మా, కింద ఏముందో!" అంటూ గదిలో అటూ ఇటూ తిరిగారు. నేను అక్కడే గీకేద్దామంటే మాత్రం వద్దన్నారు. కత్తి నాయనమ్మది, ఆమె ఎదుటే చెయ్యాలి అన్నారు. కిరసనాయిల్లో తడిపిన గుడ్డ చుట్టి నానబెట్టమని, ఇనుప వస్తువు తగలనివ్వకుండా వెదురు పుల్లతో తియ్యమని, అడుగున కొంచెం నలుపు మాత్రం అలాగే వదిలెయ్యమని చెప్పారు. ముందు ఎలా ఉండేదో చెప్పడానికి ఆనవాలు ఉండాలట.

తిరుగు బస్సులో నేను కూర్చోలేదు. సీటు ఉన్నా నిలబడే వచ్చాను. ఇంటికి వస్తూనే గుమ్మంలోంచే అరిచాను.

"నాయనమ్మా, కత్తి పిడికి జీడినూనె రాస్తావా నువ్వు?"

"రాయనేటి? సెద పట్టదేటి?" అంది చేటతో బియ్యం చెరుగుతూ. "మా అమ్మ రాసీది. అమ్మ పోనాక నాను రాత్తన్నాను. ఏటా గుమ్మాలకి రాసినప్పుడే దానికీ ఓ సెయ్యి ఏసెత్తాను."

"మరి ఈ ముక్క ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఇదేటి సెప్పడం? అన్నం తింతన్నానని సెప్తావా ఎవులికైనా?"

నాకు ఒకటే నవ్వు. ఏళ్ళ తరబడి ఊరు ఊరంతా ఏ నలుపును చూసి కొమ్మనుకుందో, ఆ నలుపు వాళ్ళందరి గుమ్మాల మీదా ఉంది. ఒక్కడికీ తట్టలేదు. ఏడాదికోసారి స్వయంగా పూసే మనిషికే తట్టలేదు.

కిరసనాయిలు గుడ్డ చుట్టి పెట్టాం. రోజూ మధ్యాహ్నం నేనూ నాయనమ్మా పెరట్లో కూర్చునేవాళ్ళం. చేతులు పొక్కకుండా కొబ్బరినూనె రాసుకునేవాళ్ళం. ఆమె గుడ్డలో చుట్టిన అలుగు పట్టుకునేది, నేను వెదురు పుల్లతో గీకేదాన్ని. పెచ్చు పెచ్చుగా ఊడేది. మొదట గోరంత మేర తేట రంగు బయటపడింది. కొబ్బరి పెంకు పగిలి లోపలి కొబ్బరి కనిపించినట్టు. అమ్మని పిలిచాను, నాన్నని పిలిచాను, దారిన పోయే కల్లుగీత మావని కూడా పిలిచి చూపించాను. రోజులు గడిచేకొద్దీ బుడిపెలు ఆకులయ్యాయి, ఆకుల మధ్య ఒక బొమ్మ లేచింది. మోకాళ్ళు ముడుచుకు కూర్చున్న లావుపాటి ఆకారం, పొడుగు టోపీ, ఉబ్బిన గుడ్లు, బయటికి పొడుచుకొచ్చిన కోరలు.

నాయనమ్మ దాన్ని వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది. "మీ అయ్యని పొద్దున్నే లేపితే ఇలాగే సూత్తాడు," అంది.

మాస్టారికి ఎస్.టి.డి. బూతు నుంచి ఫోన్ చేస్తే ఆగలేకపోయారు. ఆ ఆదివారమే భార్యతో కలిసి స్కూటరు మీద వచ్చేశారు, సంచిలో లావుపాటి బొమ్మల పుస్తకంతో. పిడి చూస్తూనే చేతులు జోడించారు. అది ఏనుగు దంతం. చెక్కింది మన దేశపు చెయ్యి కాదు, తూర్పు దేశాలది, బర్మా పనితనంలా ఉంది అన్నారు. పుస్తకంలో అలాంటి పిడే ఒకటి ఉంది, రాజుగారి కొలువులో పెద్ద అధికారిదట.

"రాచకత్తేమోనమ్మా," అన్నారు గుసగుసగా.

ఇంక నన్ను పట్టేదెవరు? ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మ్యూజియంలో అద్దాల పెట్టె, పేపర్లో ఫొటో, ఫొటోలో కత్తి పక్కన నేను. ఏ చీర కట్టుకోవాలో కూడా ఆలోచించేశాను. తెల్లారాక నాయనమ్మ పొయ్యి దగ్గర కూర్చుని మెల్లగా అంది.

"రాజుది అయితే మా అయ్యకెలా వొచ్చిందే?"

నా ఉత్సాహం నీరుగారిపోయింది. ఆ ప్రశ్న నాకు తట్టలేదు. బంగళాలో దొంగిలించలేదని తేలితే, రంగంలో దొంగిలించాడంటారు. దంతం పిడి కత్తి కూలివాడికి ఎవరిస్తారు? నేను ఆమె మెడకున్న ఒక ఉచ్చు తీసి ఇంకో ఉచ్చు తగిలిస్తున్నానేమో అనిపించి భయమేసింది.

అక్కడ బతికిన మనిషిని అడగమని మాస్టారు వెళ్తూ వెళ్తూ చెప్పారు. కాశీబుగ్గలో ఒక ముసలమ్మ ఉంది, అందరూ రంగం ముసలమ్మ అనే పిలుస్తారు. యుద్ధం రోజుల్లో తల్లిదండ్రులతో అడవుల్లో పడి నడుచుకుంటూ వచ్చేసిన మనిషి. నేనూ నాయనమ్మా బస్సెక్కాం. కత్తి ఈసారి నాయనమ్మ ఒళ్ళోనే ఉంది.

రంగం ముసలమ్మ జీడి బట్టీల వీధి చివర మనవడి ఇంట్లో ఉంటుంది. చూపు మందగించింది. కత్తి చేతికిస్తే పిడి మీద వేళ్ళు పోనిచ్చి తడిమింది. బొమ్మ కోరలు తగలగానే పళ్ళు లేని నోటితో నవ్వింది.

"ఓలమ్మ, ఇది దా కదేటి. అక్కడ కత్తిని దా అంతారు. ఎవులిదిది?"

"మా అయ్యది," అంది నాయనమ్మ. "రాజులదని సెప్తన్నారు."

"రాజులా?" ముసలమ్మ పకపకా నవ్వింది. "ఎవుడే ఆ సెప్పినోడు? ఇది బజారు కత్తే తల్లీ. రేవుకెళ్ళే తోవలో దుకాణాలుండీవి. ఓడెక్కి ఇంటికొచ్చీవోలు కొనుక్కునీవోరు. మా అయ్యా ఒకటి కొన్నాడు. నడిసొచ్చినప్పుడు తోవలో బియ్యానికి ఇచ్చెత్తే మా అమ్మ ఏడిసింది."

నాకు మతి పోయింది. "దంతం కదా అమ్మమ్మా, కూలివాళ్ళు ఎలా కొంటారు?"

"పెద్ద దంతాలు పెద్దోలకి. కోసినాక మిగిలిన కొసలుంతాయి కదా, ఆటితో ఇలాంటివి సెక్కీవోరు. కూలి దాసుకునీవోరు, వొచ్చేటప్పుడు కొనుక్కునీవోరు. కొత్తవి మిలమిల్లాడీవి. పదునెట్టకుండానే అమ్మీవోరు. దీంతో వంకాయ కూడా తెగదు, సూసుకో."

నా అద్దాల పెట్టె, పేపరు, చీర అన్నీ ఒక్క దెబ్బతో పోయాయి. బజారు కత్తి. తిరునాళ్ళలో కొన్న గాజులతో సమానం. ముఖం ముడుచుకుని పక్కకు తిరిగేసరికి నాయనమ్మ కనిపించింది. ఆమె ముఖంలో అంత వెలుగు నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు.

"కొనుక్కున్నాడన్నమాట," అంది. మళ్ళీ అంది, "మా అయ్య కూలి దాసుకుని కొనుక్కున్నాడు."

అప్పుడు నాకు బుద్ధి వచ్చింది. రాచకత్తి అయితే నాకు గొప్ప. బజారు కత్తి అయితేనే ఆమెకు తండ్రి. రంగం ముసలమ్మ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని నాయనమ్మ ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. తిరుగు బస్సులో టిక్కెట్టు కొట్టే కండక్టరుకు కూడా చెప్పింది, మా అయ్య కొన్నాడని. అతను దేని గురించో తెలియక, "మంచిదే మామ్మా," అన్నాడు.

ఇక ముసలాయన ముందు పడెయ్యడమే మిగిలింది. నేను చెంగు బిగించాను. నాయనమ్మ నన్ను ఆపింది. "నువ్వు నోరిప్పకు. నాను సెప్తాను," అంది. పెళ్ళికి ముందు రోజు ఉదయం, వాళ్ళ వాకిట్లో కొబ్బరాకుల పందిరి వేస్తుండగా వెళ్ళాం. ముసలాయన మంచం మీద కూర్చుని పనివాళ్ళను కేకలేస్తున్నాడు. నాయనమ్మ కత్తి ఆయన ముందు మంచం మీద పెట్టింది. రంగం ముసలమ్మ చెప్పిందంతా ఒక్క మాట వదలకుండా చెప్పింది. ఆయన కత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఆ కత్తి కాదప్పా," అన్నాడు. "ఆ కత్తి నల్లది. సిన్నప్పుడు నా సేత్తో ముట్టుకున్నాను. ఎక్కడో కొత్తది కొనేసి తెచ్చినారు."

నా నెత్తురు మరిగిపోయింది. ఏదో అనబోతే నాయనమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. పెళ్ళికూతురి తల్లిని పిలిచి, గోనెసంచులు కుట్టే దబ్బనం ఒకటి, ఇన్ని నిప్పులు అడిగింది. దబ్బనం ఎర్రగా కాలాక, పిడి అడుగున వదిలేసిన నలుపు మీద తనే ఆనించింది. చుయ్యిమంది. పందిరి మీద ఉన్న మనుషులు తలలు తిప్పారు.

"జీడి," అన్నాడు పైనుంచి ఒకడు.

ముసలాయన ముక్కు ఎగబీల్చాడు. కళ్ళు తుడుచుకున్నాడు. తన ఇంటి గుమ్మం వైపు చూశాడు, కత్తి వైపు చూశాడు. ఆ గుమ్మం కూడా పిడి అడుగున ఉన్నంత నల్లగానే ఉంది. నాకు గంతులెయ్యాలని ఉంది, కానీ ఆయన ముఖం చూశాక కాళ్ళు కదల్లేదు.

"కొమ్ము పిడి అని మా అయ్యే సెప్పినాడప్పా," అన్నాడు. "ఊరందరికీ మా అయ్యే సెప్పినాడు."

"మీ అయ్య అబద్దం ఆడనేదురా. నల్లగా కనిపించింది, సెప్పినాడు. మా అమ్మ రాసిన నూనె అది."

ఆయన మంచం దిగి నిలబడ్డాడు. పై తువాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. పందిరివాళ్ళు, ఆడవాళ్ళు అందరూ వింటుండగా, పొరుగింటి గుమ్మం ముందు నిలబడి అడిగే పద్ధతిలోనే అడిగాడు.

"అప్పా, రేపు మా మనవరాలి పెల్లికి కత్తి కావాల. మీ అయ్య రంగంలో కొన్న కత్తి. ఇత్తావేటి?"

ఆయన్ని కాసేపైనా నిలబెడుతుందేమోనని నేను ఆశపడ్డాను. నాయనమ్మ ఒక్క క్షణం కూడా ఆగలేదు. "తాంబూలంలో అరటిపళ్ళు మంచివెట్టు. కాయలు నాను నమల్లేను," అంది. ఆయన నవ్వబోయి నవ్వలేకపోయాడు.

పెళ్ళిలో కత్తి అందించే పని నాయనమ్మకే వదిలారు. మాస్టారూ వాళ్ళావిడా కూడా వచ్చారు. అన్న పీటల మీద కూర్చున్నాడు, మేళం మోగుతోంది. నేను మొనకు నిమ్మకాయ గుచ్చి కత్తిని నాయనమ్మకిచ్చాను. అంతవరకూ ఆమె దాన్ని గుడ్డలో చుట్టిన అలుగు దగ్గరే పట్టుకునేది. అందించాలంటే పిడి పట్టుకోవాలి. కుడిచేత్తో పిడి పట్టుకుంది. పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఏమైందోనని వంగి చూశాను. బొమ్మకు ఒక పక్క చెంప, చెవి, భుజం చదునుగా ఉన్నాయి. గీకేటప్పుడు నేనూ చూశాను గానీ, చెక్కినవాడి బద్ధకమనుకున్నాను. నాయనమ్మ బొటనవేలు సరిగ్గా ఆ చదునులో పడింది. పడ్డా ఇంకా చుట్టూ చోటు మిగిలిపోయింది.

దుకాణంలో కొత్తగా, మిలమిల్లాడుతుంటే కొన్న వస్తువు అది. కొన్నాక దాన్ని పట్టుకుని బంగళా గేటు దగ్గర కాపలా కాసినవాడు ఒక్కడే. ఆయన పోయాక ఏటా జీడినూనె పొర మీద పొర పడింది, దంతాన్ని మరో చెయ్యి తాకలేదు. ఆ అరుగుదల ఇంకెవరిదీ అవడానికి వీల్లేదు. నేను చెప్పబోయాను. చెప్పక్కర్లేకపోయింది. ఆమె బొటనవేలిని ఆ పల్లంలో మెల్లగా అటూ ఇటూ జరుపుతోంది.

అన్న చెయ్యి చాపి చూస్తున్నాడు. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు రెండోసారి అన్నాడు. మా నాన్న, "అమ్మా, ఇచ్చెయ్యి" అని భుజం తట్టాడు.

"ఉండండర్రా," అంది నాయనమ్మ. "ఇప్పుడే కదా మా అయ్య సెయ్యి పట్టుకున్నాను."